సీసం పూసిన గిన్నె

పెద్ద బాబా పోయిన రెండు నెలలకు మామా, అంటే కువైట్‌లో నేను మొదట పనిచేసిన ఇంటావిడ, ఫోన్ చేసింది. జహ్రాలో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారట. వెనక గదుల్లో నావేమైనా సామాన్లుంటే వచ్చి తీసుకుపొమ్మంది. ఆ ఇంట్లో పని మానేసి ఇరవై ఏళ్ళు దాటాక నా సామాన్లేముంటాయని అడగబోయి ఊరుకున్నాను. మామా గొంతు వింటే కాదనే మాట ఇప్పటికీ నా నోటికి రాదు. శుక్రవారం నాడు, రుమైథియాలో ఇప్పుడు నేను వంట చేసే తెలుగు డాక్టరమ్మకు చెప్పి, రెండు బస్సులు మారి వెళ్ళాను.

మామా లావైంది, మోకాళ్ళు పట్టేశాయి. నన్ను దగ్గరికి తీసుకుని, హుసేనా, ఎంత ముసలిదానివైపోయావు అని అరబ్బీలో అంటూ నవ్వింది. పక్కన ఆమె చిన్న కూతురు నూరా నిలబడి ఉంది. నేను ఆ ఇల్లు వదిలిన ఏడు పుట్టిన పిల్ల, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. పెరట్లోకి వెళ్ళేసరికి ఎవరూ చెప్పకుండానే నా కాళ్ళు పెద్ద బాబా గది వైపు తిరిగాయి. అదే రేకు తలుపు. తలుపు మీద ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించిన అదే అరబ్బీ కాగితం, పసుపుపచ్చగా మారిపోయింది. తొమ్మిదేళ్ళు ప్రతి పొద్దునా తడిగుడ్డతో ఆ కాగితం మీది దుమ్ము తుడిచాను. తలుపు తోయగానే చల్లారిన మైనం, ఇనుము, తుపాకీ నూనె కలిసిన వాసన వచ్చింది. గ్యాసు పొయ్యి, దాని మీద నల్లటి ఇనప బాన, పొడుగు కాడ గరిటె, తుపాకీ గుండ్లు పోయడానికి కత్తెరలా తెరుచుకునే రెండు ముక్కల అచ్చు, దాన్ని కొట్టడానికి చెక్క కర్ర, అన్నీ ఉన్నాయి. పెద్ద బాబా పాత తుపాకీని మాత్రం ఆయన పోయిన వారంలోనే కొడుకులు పోలీసులకు అప్పజెప్పారట. మూలన పాత అట్టపెట్టెల వెనక నా ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. నాది అనగలిగిన సామాను ఆ ఇంట్లో అదొక్కటే.

ఆ గిన్నె గురించి రాయాలంటే ముందు మా నాయన గురించి రాయాలి. మాది రాయచోటి పక్కన పల్లె, దూదేకుల ఇల్లు. నాయన ఊరూరా తిరిగి ఇత్తడి, రాగి సామాన్లకు కళాయి పూసేవాడు. నడవడం వచ్చిన దగ్గర్నుంచి నేనూ, మా అన్న మహబూబూ ఆయన వెంట వెళ్ళేవాళ్ళం. వీధి మొదట్లో ఎవరి గోడ నీడనైనా చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి ముక్కును మట్టిలో కప్పి, బొగ్గులు రాజేసేవాడు. తిత్తి ఆడించడం నా పని. గిన్నెను పట్టకారుతో పట్టి నిప్పుల మీద తిప్పి, ఇసుకతో తోమి, మళ్ళీ కాల్చి, చిటికెడు నవాసారం చల్లితే తెల్లటి పొగ గొంతు పట్టేసేది. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నె అడుగున తాకించి, దూదిపింజతో గిర్రున ఒక్క చుట్టు తిప్పేవాడు. నల్లటి గిన్నె కడుపు వెన్నెల పోసినట్టు తెల్లబడేది. ఎన్ని వందల సార్లు చూసినా ఆ క్షణం కోసం నేను తిత్తి ఆపి చూసేదాన్ని, ఆపినందుకు తిట్లు తినేదాన్ని.

గిన్నె చల్లారాక నాయన భుజం మీది తెల్ల గుడ్డ తీసి, గిన్నె లోపల గట్టిగా రుద్ది, సామాను తాలూకు ఇల్లాలికి చూపించేవాడు. చూసుకో తల్లీ, మరక లేదు అనేవాడు. ఆమె గుడ్డ చూసి తల ఊపి లోపలికి వెళ్ళి జొన్నలో రాగులో తెచ్చి పోసేది. ఒకసారి అన్న ఆ గుడ్డ ఎందుకని అడిగాడు. నాయన వాణ్ణి పక్కకు తీసుకెళ్ళి చాలాసేపు చెప్పాడు, వాడు తల ఊపుతూ విన్నాడు. సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు అదే మాట నేను అడిగితే, "నీకేంటికి పాపా, నువ్వు తిత్తి ఆడించు సాలు" అన్నాడు. కోపంగా అనలేదు, ముద్దుగానే అన్నాడు. ఆ గుడ్డ రుద్దడం ఆటగాళ్ళ చివరి సలాము లాంటిదేమో, పని బాగా కుదిరిందని చూపించుకోవడమేమో అనుకున్నాను. అన్నకు పని ఇచ్చాడు, పని వెనక సంగతి కూడా ఇచ్చాడు. నాకు గాలి ఊదే పని ఇచ్చాడు. పెళ్ళికి ఈ ఇత్తడి గిన్నె ఇచ్చాడు, తన చేత్తో కళాయి పూసి.

పెళ్ళైన రెండో ఏడు మా ఆయన ఖాదర్, నేను వీసాకు పూచీపడే ఒకే కఫీల్ కింద జహ్రా వచ్చాం. ఆయన డ్రైవరు, నేను ఇంటిపని. పెరటి గోడ పక్కన మాకొక గది, గది ముందు రేకుల కింద మా వంట. మేముండే వెనక భాగంలోనే పెద్ద బాబా గది. మామా భర్తకు తండ్రి ఆయన. పైపుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి, రిటైరై ఇంటిపట్టున ఉండేవాడు. ఆయన తండ్రి నాటి రైఫిల్ ఒకటి ఉండేది. పక్కనున్న పిడి ఎత్తి వెనక్కి లాగి, ఒక్కో తూటా ఎక్కించి, మళ్ళీ ముందుకు తోసే రకం. దాని కొలత తూటాలు ఎక్కడా దొరకవని, తనే గుండ్లు పోసుకునేవాడు. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నప్పుడు ఆ తుపాకీతో దూరాన నిలబెట్టిన డబ్బాలు కొట్టేవాడు. దాని కోసం ఏడాది పొడుగునా తయారయ్యేవాడు.

మొదటి రోజుల్లో నేను ఆ గది ఊడ్చడానికి మాత్రమే వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆయన బానలో సీసం కరగబెడుతున్నాడు. కారు చక్రాలకు బిగించే చిన్న చిన్న సీసపు బిళ్ళలు అవి, ఖాదరే టైర్ల షాపుల నుంచి సంచులు నింపి తెచ్చేవాడు. కరిగిన దాని మీద బూడిదలా తెట్టు కట్టింది. ఆయన అందులో మైనం ముక్క వేసి గరిటెతో కలుపుతున్నాడు. చెయ్యి వణుకుతోంది. నాకు తెలియకుండానే చీపురు పక్కన పెట్టి, గరిటె అందుకుని, తెట్టును ఒక పక్కకు ఒత్తి తీసి పారేశాను. కింద అద్దంలా తెల్లటి లోహం మెరిసింది. మా నాయన నిప్పుల ముందు కూర్చున్నట్టే అనిపించింది. ఆయన నన్ను వింతగా చూసి, బాగుందన్నట్టు జైన్, జైన్ అన్నాడు. ఆ రోజు నుంచి అది కూడా నా పనైంది.

వారానికి రెండు మూడు పొద్దులు ఆ గదిలో గడిచేవి. ఆయన ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, తోలు తొడుగులు వేసుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు. నేను పొయ్యి దగ్గర. నేను గరిటెతో అచ్చులో పోస్తే, ఆయన కర్రతో తట్టి, అచ్చు తెరిచి, గుండును తడి తువ్వాలు మీద రాల్చేవాడు. మొదట రాలినవి ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి, అచ్చు వేడెక్కాక నున్నగా వస్తాయి. వాటిని ఏరడం నా వంతు. అడుగున అంచు కాస్త గుండ్రంగా ఉన్నా, పక్కన వెంట్రుకంత గీత ఉన్నా మళ్ళీ బానలోకే. ఆయన కళ్ళద్దాలతో చూసి కనిపెట్టలేనిది నేను వేలితో తడిమి చెప్పేదాన్ని. కాల్చి తెచ్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను చింతపండు నీళ్ళలో నానబెట్టి తోమితే బంగారంలా వచ్చేవి. అది చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తూటాల్లో మందు కూరడం మాత్రం తలుపు వేసుకుని ఒక్కడే చేసుకునేవాడు. ఖాదర్ నన్ను ఏడిపించేవాడు. "ఊర్లో గిన్నెలు, ఈడ గుండ్లు. మీ నాయన నిన్ను యాడికి పంపినా పొయ్యి ముందరే కూచోబెట్టినాడు మేయ్" అని. నాకు నవ్వొచ్చేది. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఉన్నంతసేపు నేను పనిమనిషిని అనిపించేది కాదు. పని తెలిసిన మనిషిని అనిపించేది. ఇంట్లో మరే ఆడది అడుగు పెట్టని గదిలోకి నన్నొక్కదాన్నే రానిచ్చాడని గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

అప్పటికి నా ఇత్తడి గిన్నెలో కళాయి అరిగిపోయింది. పులుసు పెడితే చిలుము రుచి వస్తోందని ఖాదర్ మొహం చిట్లించేవాడు. జహ్రాలో కళాయి పూసేవాడెవడు? నాకొక ఆలోచన వచ్చింది. పెద్ద బాబా ఆ సీసంలో రవ్వంత తగరం కూడా కలుపుతాడు, గుండు అచ్చులో నిండుగా దిగడానికి. చూడ్డానికి మా నాయన కడ్డీ లాగే తెల్లగా మెరుస్తుంది, అలాగే కరుగుతుంది. మిగిలిన ముక్క ఒకటి అడిగితే ఆయన దేనికని కూడా అడగకుండా ఇచ్చాడు. సూక్ బజారులో వనమూలికలు అమ్మే ముసలాయన దగ్గర నవాసారం దొరికింది. ఆ మధ్యాహ్నం రేకుల కింద గిన్నెను కాల్చి, తోమి, దూదితో తిప్పాను. పట్టింది. నా జీవితంలో ఎవరి సాయమూ లేకుండా నేను చేసిన మొదటి కళాయి. తెల్ల గుడ్డ తీసి నాయన రుద్దినట్టే రుద్దాను. గుడ్డకు నల్లగా మరక అంటింది. చెయ్యి తిరగని పని కదా, మసి పోలేదనుకున్నాను. ఇంకా రుద్దాను, ఇంకా అంటింది. ఉతికి ఆరేసి, ఆ సాయంత్రమే అందులో చింతపండు పులుసు పెట్టాను. ఖాదర్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ గిన్నెలో ఆరేళ్ళు వండాను. అరిగినప్పుడల్లా మళ్ళీ పూశాను. ఆ ఆరేళ్ళలో నాకు మూడుసార్లు కడుపు వచ్చి పోయింది. మొదటిది మూడో నెల, రెండోది నాలుగో నెల. మూడోది కదలడం మొదలుపెట్టి, ఆరో నెల నిండాక పోయింది. ప్రతిసారీ మామాయే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, వారం రోజులు పని చెప్పలేదు, తన చేత్తో సూపు కాచి ఇచ్చింది. ఆమెను తప్పు పట్టను. అదే ఇంట్లో, అదే తొమ్మిదేళ్ళలో ఆమె నలుగుర్ని కంది. పిల్లల్ని ఎత్తుకుని తిరిగింది నేను. కడుపులో మెలిపెట్టే నొప్పి, పొద్దున లేస్తే నోట్లో ఇనుము రుచి, వేళ్ళ తిమ్మిర్లు, అన్నీ ఇక్కడి ఉప్పు నీళ్ళ వల్ల, ఏసీ గాలి వల్ల అనుకునేదాన్ని.

రెండోది పోయాక ఊరికి వెళ్ళినప్పుడు, నాయనను సంతోషపెడదామని గిన్నె సంగతి చెప్పాను. అన్న కూడా అక్కడే ఉన్నాడు, పట్టకారు సరిచేస్తున్నాడు. కువైట్‌లో నేనే కళాయి పూసుకున్నానని అంటే నాయన నవ్వుతూ చూశాడు.

"దేంతో పూసినావు పాపా?"

"సీసంతో నాయనా. రవ్వంత తగరం గూడా ఉంటాది దాంట్లో."

నాయన నవ్వు ఆగిపోయింది. "ఆ గిన్నె పారెయ్" అన్నాడు.

"ఏంటికి? తెల్లగా వచ్చింది గదా."

"పారెయ్ అంటే పారెయ్. ఆడిదానివి, నీకేంటికి కళాయి పని?"

అన్న తల వంచుకుని పట్టకారు మీద సుత్తి వేస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు తిత్తి ఆడించిన కూతురు ఒక్క గిన్నె పూస్తే ఓర్వలేకపోయాడనిపించింది. జహ్రాకు తిరిగొచ్చి, పౌరుషంతో, ఆ గిన్నెను మునుపటి కంటే మందంగా పూశాను. మూడోది ఆ తర్వాతే పోయింది. మా అత్త ఊళ్ళో నన్ను గొడ్రాలని చెప్పి ఖాదర్‌కు మరో సంబంధం చూసింది. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు రద్దు చేయించుకుని, ఇంటికి పోతున్నా, ఖలాస్ అన్నాడు. రెండో ఆమెకు ఇద్దరు కొడుకులు. దాంతో లోపం ఎవరిదో ఊరంతటికీ తేలిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే నేనూ ఆ ఇల్లు వదిలాను. పారెయ్ అన్న గిన్నెను పారేయలేదు, వెంట తీసుకుపోనూ లేదు, పెద్ద బాబా గది మూలన బోర్లించి వచ్చేశాను.

ఇదంతా గిన్నెను చేత్తో పట్టుకుని, ఆ గదిలో నిలబడి తలుచుకున్నది. బయటికి వస్తూ, ఏమీ తోచక, తలుపు మీది కాగితంలో ఏముందని నూరాను అడిగాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, రుమైథియా వంటింట్లో. టీ కాగేలోపు డాక్టరమ్మ రోజుకొక అక్షరం రాయించేది. అవి తెలుగు అక్షరాలు. అరబ్బీ మాట్లాడతాను కానీ చదవలేను. చదువు వచ్చాక మాత్రం ఎక్కడ ఏ రాత కనిపించినా అదేమిటో తెలుసుకోకుండా ఉండలేను. నూరా కవరు మీద దుమ్ము వేలితో తుడిచి, తాత చేతిరాత అని మురిసిపోతూ చదివింది. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు లోపలికి రాకూడదు, సీసం పొగ, దుమ్ము కడుపులో బిడ్డకు హాని అని.

నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ నెమ్మదిగా చదివింది. మామా వెనక నుంచి అందుకుంది. మా మామగారు ఎంత జాగ్రత్త మనిషో అంది. అన్నానికి పిలవాలన్నా పెరట్లో నిలబడే పిలిచేవాళ్ళమట, ఆ గది బట్టలు ఇంటి బట్టలతో కలవనిచ్చేవాడు కాదట.

ఆ బట్టలు ఉతికింది నేనే. "నేను లోపలే ఉండేదాన్ని కదా మామా" అన్నాను.

మామా నా వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు పనికి వెళ్ళేదానివి కదా హుసేనా" అంది.

అందులో కల్మషం లేదు. నూరా మాత్రం తల దించుకుంది. ఆ పిల్ల నా చేతిలోని గిన్నెను ఒకసారి, తన తాత కాగితాన్ని ఒకసారి చూసి, మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ ముసలాయన ముక్కుకు గుడ్డ ఎందుకు కట్టుకున్నాడో, నన్ను పొయ్యి దగ్గరా తనను కిటికీ దగ్గరా ఎందుకు కూర్చోబెట్టుకున్నాడో, నాకు కడుపు పోయి లేచి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు నా మొహం ఎందుకు చూడలేకపోయేవాడో, నేనిప్పుడు ఎవరిని అడగాలి? ఇంటికి చేరాక డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె గిన్నెను తిప్పి చూసి, సీసంలో చింతపండు పులుసా అని కళ్ళు మూసుకుంది. అయి ఉండొచ్చు, కానీ ఇన్నేళ్ళ తర్వాత అదే కారణమని ఏ డాక్టరూ చెప్పలేడు అంది. అంటే ఈ ఒక్క సంగతి తెలిసే దారి కూడా నాకు లేదు. ఈ రోజుల్లో డాక్టరమ్మ కొత్త పెనం కొంటే దాని డబ్బా మీద రాసిందంతా చదివి, ఏది ఎందుకు చేయకూడదో నాకు విడమరచి చెబుతుంది. పెనం సంగతి చెప్పడానికి మనిషి ఉంది. నా కడుపు సంగతి చెప్పేవాళ్ళు లేకపోయారు.

సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. నాయన పోయి పదేళ్ళయింది. అన్న ఇప్పుడు స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుంటాడు.

"ఆ పొద్దు నేను గిన్నె మాట చెప్పినాక నాయన నీతో ఏమన్నా అన్నాడా?"

అన్న దగ్గాడు. టీవీ శబ్దం తగ్గించాడు. "సీసం తగిలిన కూడు తింటే కడుపు నిలబడదన్నాడు. మనం తెల్లగుడ్డతో చూపించేది దానికే గదా. కళాయిలో సీసం ఉంటే మరక పడతాది."

"నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే నీ మొగునికి తెలుస్తాది. నువ్వే నీ చేతుల్తో చేసుకున్నావంటారని నాయన భయపడినాడు. తప్పు నీమీదికి రాగూడదని."

"రాకుండా పోయిందా అన్నా?"

అన్న టీవీ శబ్దం మళ్ళీ పెంచాడు. తర్వాత, "ఇప్పుడేంటికి మేయ్ ఇదంతా, ముసిలోల్లమైపోయినాం" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. వాడు చిన్నప్పుడే తెలుసుకున్న మాట అది. నాకు చేరడానికి నలభై ఐదేళ్ళు పట్టింది. పారెయ్ అన్న నాయన ఇంకొక్క మాట కలిపి ఉంటే, పారేసేదాన్ని. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. నాయన మీద నా ప్రేమ పోలేదు, కానీ అది ఇప్పుడు ఆ పులుసు లాగే ఉంది, రుచిలోనే సీసం.

మర్నాడు వంట ముగించి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. తెల్ల గుడ్డతో లోపల రుద్దాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నల్లగా అంటింది. ఇంట్లో ఉంచుకోను. చెత్తకుండీ పక్కన పెడదామనుకున్నాను. మా వీధిలో కుండీ పక్కన ఏది పెట్టినా గంటలో ఎవరో ఒకరు తీసుకుపోతారు. మంచి ఇత్తడి గిన్నె, ఏ ఇంటి పనిమనిషో మురిసిపోయి పట్టుకుపోతుంది. అందుకని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఇందులో వండొద్దు, లోపల సీసం పూసి ఉంది, కడుపులో బిడ్డ నిలవదు. ఎవరి సాయమూ లేకుండా రాశాను. గిన్నె లోపల అంటించి, ఎత్తుకుని మెట్లు దిగాను.

సగం మెట్ల మీద ఆగిపోయాను. ఆ వీధిలో తిరిగేవాళ్ళు సిలోన్ వాళ్ళు, బెంగాలీలు, ఇథియోపియా పిల్లలు. నా అక్షరాలు వాళ్ళకెవరికి తెలుసు? చదవలేని కాగితాన్ని తొమ్మిదేళ్ళు దుమ్ము దులిపి మెరిపించిన దాన్ని నేను. ఏ పిల్లో దాన్ని గీకి పారేసి, గిన్నెను శుభ్రంగా తోమి, పొయ్యి మీద పెట్టుకుంటుంది.

తిరిగి పైకి వెళ్ళాను. డాక్టరమ్మ వాళ్ళ పనిముట్ల డబ్బాలోంచి పెద్ద మేకూ సుత్తీ తీసుకుని, వంటింటి గచ్చు మీద గిన్నె బోర్లించి, అడుగున కొట్టాను. మా నాయన చేతి ఇత్తడి గట్టిది, నాలుగు దెబ్బలకు గానీ దిగలేదు. దిగాక ఇంకొకటి కొట్టాను, దాని పక్కన మూడోది. డాక్టరమ్మ శబ్దానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. గిన్నెను కిటికీ వైపు ఎత్తి చూశాను. మూడు కంతల్లోంచి వెలుతురు వచ్చింది. ఇక దాన్ని ఎవరూ పొయ్యి మీద పెట్టరు, చదువు వచ్చినా రాకపోయినా.